టెర్రీ రయన్‌ని అలసిపోయేలా చేసింది ఆటగాళ్ల జీతాలేనా?

2007 సెప్టెంబరులో మిన్నెసోటా ట్విన్స్ అనే బేస్‌బాల్ జట్టు జనరల్ మేనేజర్ టెర్రీ రయన్, ఆ సీజన్ అవగానే తప్పుకుంటున్నానని ప్రకటించారు. సాయంత్రానికల్లా ఇక్కడ ఒక కథ తయారైపోయింది. పాతకాలపు మనిషి, నిజాయితీపరుడు, పొదుపరి, ఆటగాళ్లు అడిగే డబ్బు చూసి విసిగిపోయి వెళ్లిపోయాడు అని. రేడియోకి ఫోన్ చేసినవాళ్లు అదే అన్నారు, ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గరా అదే మాట. ట్విన్స్ ఆటగాడు జొహాన్ సాంటానాకి ఏడాదికి రెండు కోట్ల డాలర్లు కావాలట, టోరీ హంటర్‌కి దాదాపు అంతే కావాలట, ఇలాగైతే ఏ పెద్దమనిషి ఈ ఉద్యోగం చేస్తాడు అని. ఇన్నేళ్ల తర్వాత కూడా బేస్‌బాల్ జీతాల మాట ఎత్తితే ఆ కథే వినిపిస్తుంది. అది తప్పు కథ అని నా నమ్మకం. రయన్ మీద నాకు చాలా గౌరవం ఉంది కాబట్టే, ఆయన పేరు చెప్పి ఆ కథ నడవడం నాకు బాధగా ఉంటుంది.

నేను అప్పటికి కొన్నేళ్లుగా మినియాపోలిస్ పక్కన ఈడెన్ ప్రెయిరీలో ఉంటున్నాను. క్రికెట్ చూస్తూ పెరిగినవాణ్ణి, బేస్‌బాల్ ఇక్కడికొచ్చాకే పట్టుకుంది. పట్టుకున్నాక వదల్లేదు.

ఈ ఆట అలవాటు లేనివాళ్ల కోసం ఒక్క మాట. మైదానం పక్కన కూర్చుని ఎవరిని ఎప్పుడు దించాలో చూసేది మేనేజర్. జనరల్ మేనేజర్ వేరు. కొత్త కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఏ కుర్రాణ్ణి తీసుకోవాలి, ఎవరిని ఇచ్చి ఎవరిని తెచ్చుకోవాలి, ఎవరికి ఎన్నేళ్లకి ఎంత ఇవ్వాలి, ఎవరిని వదులుకోవాలి అనేవన్నీ ఈయన చూసుకోవాలి. డబ్బు మాత్రం ఈయనది కాదు. ఈ ఏడు ఇంతే ఖర్చు పెట్టు అని ఓనర్ గీత గీస్తాడు, ఆ గీతలోపల ఈయన జట్టు కట్టాలి.

రయన్ విస్కాన్సిన్‌లోని జేన్స్‌విల్‌లో పుట్టి పెరిగారు. 1972లో ట్విన్స్ జట్టే ఆయన్ని పిచ్చర్‌గా, అంటే బంతి విసిరేవాడిగా, డ్రాఫ్ట్ చేసింది, 35వ రౌండ్‌లో. అంత కింద తీసుకున్న కుర్రాడి మీద ఎవరికీ పెద్ద ఆశలుండవు. కింది స్థాయి మైనర్ లీగ్‌లో కొన్నేళ్లు ఆడారు, గాయాలయ్యాయి, పై మెట్టు ఎక్కకుండానే ఆట అయిపోయింది. తర్వాత చదువు పూర్తి చేసి స్కౌట్ అయ్యారు. స్కౌట్ బతుకంటే కారులో ఊరూరా తిరగడం. హైస్కూలు గ్రౌండ్లలో, చలిలో, చెక్క బెంచీల మీద కూర్చుని, పద్దెనిమిదేళ్ల పిల్లవాడు విసిరే బంతిని చూసి వీడు ఇరవై ఐదేళ్లకి ఏమవుతాడో ఊహించడం. 1986లో ట్విన్స్‌కి స్కౌటింగ్ డైరెక్టర్‌గా తిరిగొచ్చారు. ఆ జట్టు 1987లో, మళ్లీ 1991లో బేస్‌బాల్ ఛాంపియన్‌ని తేల్చే వరల్డ్ సిరీస్ గెలిచింది. 1994 సెప్టెంబరులో ఆయన్ని జనరల్ మేనేజర్ చేశారు.

ఆ నెలకో ప్రత్యేకత ఉంది. 1994 ఆగస్టు 12న ఆటగాళ్లు సమ్మెకి దిగారు. ఓనర్లు జీతాలకి పరిమితి పెట్టాలన్నారు, ఆటగాళ్లు ఒప్పుకోలేదు. సెప్టెంబరు మధ్యలో ఆ ఏడాది వరల్డ్ సిరీస్‌నే రద్దు చేశారు. 1904 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. అంటే రయన్ ఆ కుర్చీలో కూర్చునే నాటికే జీతాల గొడవ నడుస్తోంది. పదమూడేళ్లు ఆ గొడవ మధ్యలోనే పనిచేశారు. 2007లో అది కొత్తగా మొదలైనట్టు, ఆయన్ని ఒక్కసారిగా తాకినట్టు చెప్పడం వాస్తవానికి దూరం.

మొదటి ఆరు సీజన్లూ ట్విన్స్ ఓడుతూనే ఉంది. 2000 నాటికి జట్టు మొత్తం జీతాలు కోటిన్నర డాలర్ల పైచిలుకు మాత్రమే. అప్పుడు లీగ్‌లో అదే అందరికంటే తక్కువ. ఆ ఏడాది డిసెంబరులో టెక్సస్ జట్టు అలెక్స్ రోడ్రిగెజ్ అనే ఒక్క ఆటగాడికి పదేళ్లకి 25 కోట్ల 20 లక్షల డాలర్లు రాసిచ్చింది. ఆ ఒప్పందంలో ఒక్క ఏడాది వాటా మొత్తం ట్విన్స్ జట్టు జీతాల కంటే ఎక్కువ.

అలాంటి పరిస్థితిలో రయన్ చేసిన పని చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 1999 డిసెంబరులో, వేరే జట్ల మైనర్ లీగ్‌లో ఉండిపోయిన కుర్రాళ్లని తీసుకోవడానికి వీలిచ్చే రూల్ 5 డ్రాఫ్ట్ జరిగింది. హ్యూస్టన్ జట్టు కాపాడుకోకుండా వదిలేసిన సాంటానా అనే వెనెజులా కుర్రాడు అక్కడున్నాడు. మొదటి ఛాన్స్ ట్విన్స్‌ది. రెండో ఛాన్స్ ఉన్న ఫ్లోరిడాతో ముందే మాట్లాడుకుని, వాళ్లకి కావలసిన జారెడ్ క్యాంప్‌ని తాము తీసుకుని, వాళ్లు తీసుకున్న సాంటానాతో మార్చుకున్నారు. పైగా 50 వేల డాలర్లు ఫ్లోరిడానే ఎదురిచ్చింది. ఆ కుర్రాడు ఐదేళ్లలో, బేస్‌బాల్‌లోని రెండు లీగ్‌లలో ఒకటైన అమెరికన్ లీగ్‌లో అత్యుత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు కొట్టాడు, 2006లో మళ్లీ కొట్టాడు.

2003 నవంబరులో క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు) పియర్జిన్‌స్కీని శాన్‌ఫ్రాన్సిస్కోకి ఇచ్చి జో నేథన్, ఫ్రాన్సిస్కో లిరియానో, బూఫ్ బాన్సర్‌లని తెచ్చుకున్నారు. నేథన్ ఏళ్ల తరబడి ఆట చివరి ఇన్నింగ్స్ కాపలా కాశాడు. ఈ బేరం ఇప్పటికీ మాకు ఇక్కడ చెప్పుకోవడానికి సరదాగా ఉంటుంది. 2001 డ్రాఫ్ట్‌లో మొదటి ఛాన్స్‌కి సెయింట్ పాల్ కుర్రాడు జో మావర్‌ని తీసుకున్నారు. మార్క్ ప్రయర్ అనే పిచ్చర్ అడిగే డబ్బుకి భయపడి మావర్‌తో సరిపెట్టుకున్నారని అప్పట్లో దెప్పారు. ప్రయర్ భుజం కొన్నేళ్లకే పోయింది. మావర్ 2024లో, ఆటలో మేటివాళ్లకి దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లాడు.

2001 నవంబరులో, వరల్డ్ సిరీస్ అయిన రెండు రోజులకి, రెండు జట్లని పూర్తిగా మూసేద్దామని లీగ్ ఓనర్లు 28-2 తేడాతో ఓటేశారు. పేర్లు చెప్పకపోయినా ఆ రెండూ ట్విన్స్, మాంట్రియల్ ఎక్స్‌పోస్ అని అందరికీ తెలుసు. ట్విన్స్ ఓనర్ కార్ల్ పోలాడ్ అందుకు సిద్ధపడ్డారు కూడా. మూసేస్తే లీగ్ ఆయనకి పెద్ద పరిహారం ఇస్తుంది. చివరికి మెట్రోడోమ్ స్టేడియంతో ఉన్న లీజు ప్రకారం 2002 సీజన్ ఆడి తీరాలని ఇక్కడి హెన్నెపిన్ కౌంటీ జడ్జి హ్యారీ క్రంప్ ఆర్డర్ ఇచ్చాక ఆ ప్రయత్నం ఆగింది. సొంత ఓనరే చంపేయడానికి ఒప్పుకున్న ఆ జట్టు 2002లో 94 మ్యాచ్‌లు గెలిచి తన డివిజన్‌లో, అంటే తన గ్రూపులో, మొదటి స్థానం కొట్టింది, ఓక్లాండ్‌ని ప్లేఆఫ్‌లో ఓడించింది. 2003, 2004, 2006లో మళ్లీ డివిజన్ గెలిచింది.

పోలాడ్ బ్యాంకుల వ్యాపారంలో బిలియన్లు గడించిన మనిషి. బేస్‌బాల్ ఓనర్లలో అత్యంత ధనవంతుల్లో ఒకరు. 1984లో జట్టుని నాలుగు కోట్ల డాలర్ల చుట్టుపక్కల కొన్నారు. 2007 నాటికి ఫోర్బ్స్ లెక్కలో దాని విలువ 28 కోట్లు దాటింది. 1997లో కొత్త స్టేడియం కట్టివ్వకపోతే జట్టుని నార్త్ కరోలినాకి అమ్మేస్తానన్నారు. 2001లో మూసివేతకి సై అన్నారు. 2006లో చివరికి రాష్ట్ర శాసనసభ స్టేడియం బిల్లు పాస్ చేసింది. హెన్నెపిన్ కౌంటీలో 20 డాలర్ల సరుకు కొంటే 3 సెంట్లు అదనపు పన్ను. జనం ఓటు అడగాల్సిన పని లేకుండా చట్టంలోనే మినహాయింపు పెట్టారు. కౌంటీ వాటా 35 కోట్ల డాలర్లు, జట్టు వాటా మొదట ఒప్పుకున్నది 13 కోట్లు. ఆ కౌంటీలో ఉంటున్నాను కాబట్టి ఆ పన్ను నేనూ కట్టాను. స్టేడియం అందంగానే ఉంది, అక్కడ కూర్చుని ఆట చూడటం నాకు ఇష్టం. ఆ డబ్బు ఎవరి జేబులోంచి వచ్చిందో మాత్రం మర్చిపోకూడదు.

ఇప్పుడు జీతాల సంగతి. 2006 ట్విన్స్ నేను చూసిన జట్లలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది. సీజన్ ఆఖరి రోజున గానీ డివిజన్‌లో ఒంటరిగా మొదటి స్థానంలోకి రాలేదు. ఆ ఏడాది జస్టిన్ మోర్నో అమెరికన్ లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడయ్యాడు. జో మావర్ అందరికంటే మెరుగైన బ్యాటింగ్ సగటుకి దక్కే బ్యాటింగ్ టైటిల్ కొట్టాడు, అమెరికన్ లీగ్‌లో ఒక క్యాచర్‌కి అది దక్కడం అదే మొదటిసారి. ఈ ఇద్దరి జీతాలూ చెరో నాలుగు లక్షల డాలర్ల చుట్టుపక్కలే. ఆ రోజుల్లో లీగ్ సగటు జీతం పాతిక లక్షలు దాటింది. అంటే లీగ్‌లోనే మేటి ఆటగాడు సగటు ఆటగాడి జీతంలో ఆరో వంతు కూడా తీసుకోలేదు.

ఇది ఎవరి దుర్మార్గమూ కాదు, పద్ధతే అలా ఉంది. డ్రాఫ్ట్‌లో ఏ జట్టు పిలిస్తే ఆ జట్టుకే ఆడాలి. మైనర్ లీగ్‌లో ఆ రోజుల్లో నెలకి వెయ్యి డాలర్ల చుట్టూ ఇచ్చేవాళ్లు, అదీ సీజన్ నడిచే నెలల్లోనే. పై లీగ్‌కి వచ్చాక దాదాపు మూడేళ్లు జట్టు ఎంత ఇస్తే అంత. తర్వాత మూడేళ్లు ఆర్బిట్రేషన్, అంటే ఆటగాడు అడిగిన అంకె, జట్టు చెప్పిన అంకె, ఈ రెండిట్లో ఒకటి బయటి మధ్యవర్తి ఎంచుతాడు. సాంటానా 2004లో అలా 24 లక్షలకి పైగా అడిగి ఓడిపోయి, 16 లక్షలకి ఆడాడు. ఆ ఏడాదే సై యంగ్ కొట్టాడు. ఆరేళ్లు నిండితేనే ఫ్రీ ఏజెంట్, నచ్చిన జట్టుతో మాట్లాడుకునే హక్కు. చాలామంది అక్కడిదాకా రానేరారు. మోచేయి పోతుంది, వేగం తగ్గుతుంది, ఇంకో కుర్రాడు వస్తాడు.

కాబట్టి ఫ్రీ ఏజెంట్ అయిన రోజున ఆటగాడు అడిగే పెద్ద అంకె వినగానే ఆశ అనేయడం సరికాదు. అంతకుముందు ఆరేళ్లు అతను తన విలువలో కొద్ది భాగానికే ఆడి ఉంటాడు. ట్విన్స్ లాంటి తక్కువ ఖర్చు జట్టు గెలవగలిగిందే ఆ ఆరేళ్ల వల్ల. ఆ మిగులంతా జట్టుకే పోయింది. ఆ ఆరేళ్లప్పుడు అన్యాయం అని ఎవరూ రేడియోకి ఫోన్ చేయలేదు.

ఆ ఆరేళ్ల హక్కు కూడా ఎవరో దానంగా ఇచ్చింది కాదు. 1975కి ముందు జట్టు తన ఆటగాణ్ణి జీవితాంతం కట్టేసుకోవచ్చు. సెయింట్ లూయిస్ సెంటర్ ఫీల్డర్ కర్ట్ ఫ్లడ్‌ని 1969 అక్టోబరులో ఫిలడెల్ఫియాకి మార్చేశారు. అతను వెళ్లనన్నాడు. తన ఇష్టంతో పనిలేకుండా కొనడానికీ అమ్మడానికీ నేను వస్తువును కానని ఆ డిసెంబరులో కమిషనర్‌కి ఉత్తరం రాశాడు. అప్పటికి అతని జీతం 90 వేల డాలర్లు, ఆ కాలానికి పెద్ద జీతమే. అంత సంపాదిస్తూ ఫిర్యాదేమిటని చాలామంది తిట్టారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1972లో 5-3తో ఓడిపోయాడు. అతని ఆట అక్కడితో అయిపోయినట్టే. తనకి ఏమీ రాని పోరాటం అది. మూడేళ్ల తర్వాత, 1975 డిసెంబరులో, ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ అనే ఇద్దరు పిచ్చర్ల కేసులో మధ్యవర్తి పీటర్ సైట్జ్ ఆటగాళ్ల వైపు తీర్పిచ్చారు. వెనక ఉండి నడిపింది యూనియన్ నాయకుడు మార్విన్ మిల్లర్. స్టీల్ కార్మికుల సంఘం నుంచి వచ్చిన మనిషి ఆయన.

ఆ తర్వాత కూడా ఓనర్లు ఊరుకోలేదు. 1985 నుంచి రెండు మూడేళ్లు, ఒకరి ఫ్రీ ఏజెంట్లకి ఇంకొకరు గట్టి ధర చెప్పకూడదని లోపల్లోపల కూడబలుక్కున్నారు. అది బయటపడి చివరికి ఆటగాళ్లకి 28 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది. డబ్బు లేకపోవడం వల్ల జీతాలు ఆగాయని వాళ్లు చెప్పిన మాట అబద్ధమనడానికి ఇంతకంటే పెద్ద రుజువు ఏం కావాలి?

ఇంకో వాదన ఎప్పుడూ వస్తుంది. జీతాలు పెరిగాయి కాబట్టే టికెట్ ధర పెరిగింది, మామూలు కుటుంబం ఆట చూడలేకపోతోంది అని. టికెట్ ఎంతకి అమ్ముడవుతుందో అంతకి అమ్ముతారు, జీతాలు తగ్గించినంత మాత్రాన ఏ ఓనరూ ధర తగ్గించడు. మినియాపోలిస్‌లోనే ఉన్న మిన్నెసోటా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుని చూడండి. 2007లో అక్కడ ఆడే కుర్రాళ్లకి జీతమే లేదు. టికెట్‌కి మాత్రం గట్టిగానే తీసుకునేవాళ్లు. ఇక లీగ్ లెక్కలు. 1990ల మధ్యలో బేస్‌బాల్ మొత్తం ఆదాయం ఏడాదికి 140 కోట్ల డాలర్ల దగ్గర ఉండేది. 2007కి 600 కోట్లకి చేరింది, నాలుగు రెట్లకి పైనే. అదే కాలంలో సగటు జీతం 11-12 లక్షల నుంచి 28 లక్షలకి, అంటే రెండున్నర రెట్లు పెరిగింది. ఆదాయం పరిగెడుతుంటే జీతం వెనకాల నడుచుకుంటూ వచ్చిందన్నమాట.

చిన్న ఊరి జట్టుకి కష్టం లేదని నేననడం లేదు. ఉంది. 2007లో ట్విన్స్ జీతాలు ఏడు కోట్ల పైచిలుకు, న్యూయార్క్ యాంకీస్‌వి 19 కోట్ల దగ్గర. న్యూయార్క్‌లో కోట్ల జనం, 2002 నుంచి సొంత టీవీ ఛానల్. ట్విన్స్ కూడా 2003 చివర్లో విక్టరీ స్పోర్ట్స్ వన్ అని సొంత ఛానల్ పెట్టింది. కేబుల్ కంపెనీలు తీసుకోలేదు. 2004 మే నాటికి మూతపడింది. కానీ ఈ తేడా ఓనర్లకీ ఓనర్లకీ మధ్య తగువు. టీవీ డబ్బు ఎలా పంచుకోవాలో వాళ్లు తేల్చుకోవాలి. దాని భారం తీసుకెళ్లి సాంటానా భుజం మీద పెట్టడం ఏం న్యాయం?

2007 వేసవి గుర్తు చేసుకుంటాను. జట్టు ఇంకా రేసులో ఉండగానే జులై 30న రెండో బేస్‌మన్ లూయిస్ కస్తీయోని న్యూయార్క్ మెట్స్‌కి ఇచ్చేశారు. ఈ జట్టుకి గెలవాలని ఉందా అన్నట్టు సాంటానా పత్రికల ముందే నిష్ఠూరమాడాడు. ఆగస్టు 19న మెట్రోడోమ్‌లో టెక్సస్ మీద ఎనిమిది ఇన్నింగ్స్‌లలో 17 మందిని స్ట్రైకవుట్ చేశాడు, అంటే కేవలం తన బంతులతోనే అవుట్ చేశాడు, జట్టు చరిత్రలో రికార్డు. ఆ మ్యాచ్ 1-0తో గెలిచారు. ఆ రోజు టీవీ ముందు కూర్చున్న నాకు ఒళ్లు గగుర్పొడిచింది, వెంటనే దిగులేసింది. ఇతను మనకి ఇంకెన్నాళ్లో ఉండడని ఊళ్లో అందరికీ తెలుసు. ఆ నెలలోనే హంటర్‌కి మూడేళ్లకి నాలుగున్నర కోట్ల ఆఫర్ ఇచ్చారు. నవంబరులో లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్ అతనికి ఐదేళ్లకి తొమ్మిది కోట్లు ఇచ్చింది. 2008 ఫిబ్రవరికల్లా సాంటానా మెట్స్‌కి వెళ్లి ఆరేళ్లకి 13 కోట్ల 75 లక్షలకి సంతకం పెట్టాడు.

రయన్ తప్పుకునేటప్పుడు మాట్లాడింది ఈ ఉద్యోగం తన మీద మోపిన భారం గురించి, తిరిగి ఆటగాళ్లని చూసే పనికి వెళ్లాలన్న కోరిక గురించి. నేను ఆయన మాట నమ్ముతాను. ఆ భారం ఏమై ఉంటుందో ఆలోచించాను. హంటర్‌ని 1993లో ఆర్కన్సా నుంచి హైస్కూలు కుర్రాడిగా తీసుకొచ్చినప్పుడు రయన్ ఈ సంస్థలోనే ఉన్నారు. వాడు మైనర్ లీగ్‌లో తడబడటం చూశారు, సెంటర్ ఫీల్డ్‌లో ఏటా ఫీల్డింగ్‌కిచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డు తీసుకునేవాడిగా ఎదగడం చూశారు. సాంటానాని ఎవరికీ అక్కర్లేనప్పుడు పట్టుకున్నారు. వాళ్ల విలువ ఎంతో ఈ భూమ్మీద అందరికంటే ఆయనకే బాగా తెలుసు. తెలిసీ, వాళ్ల ఎదురుగా కూర్చుని, ఇంతకంటే ఇవ్వలేం అని చెప్పాల్సింది కూడా ఆయనే. చెప్పించిన మనిషి ఆ గదిలో ఉండడు.

ఉద్యోగంలో ఒక చిన్న టీమ్‌ని చూసుకున్న రోజుల్లో ఆ కుర్చీ రుచి నాకూ కొంచెం తెలిసింది. పైనుంచి బడ్జెట్ ఇంతే అని వస్తుంది. అందరికంటే బాగా పనిచేసిన అమ్మాయికి మూడు శాతం అని మనం చెప్పాలి. ఆ అమ్మాయి అడిగేది న్యాయమని మనకి తెలుసు. ఆమె మీద కోపం రాదు. ఆ మాట మన నోటితో చెప్పాల్సి రావడమే రాత్రి నిద్ర పట్టనివ్వదు. రయన్ పదమూడేళ్లు, లక్షల మంది చూస్తుండగా, ఆ పని చేశారు.

ఆయన గీత దాటలేదు, ఓనర్ని బయట ఒక్క మాట అనలేదు. అది ఆయన సంస్కారం. అందుకే జనం ఆయన మౌనంలో తమకి నచ్చిన అర్థం వెతుక్కున్నారు. ఆ అర్థం పోలాడ్‌కీ అనుకూలంగా ఉంది.

పొదుపు కోసం తీసుకున్న నిర్ణయాలన్నీ మంచివే అనడం కూడా కుదరదు. 2002 డిసెంబరులో డేవిడ్ ఓర్టీజ్ అనే బ్యాటర్‌ని ట్విన్స్ ఉత్తినే వదిలేసింది. ఆర్బిట్రేషన్‌కి వెళ్తే జీతం ఇంకొంచెం పెరుగుతుంది, గాయాలు కూడా ఉన్నాయి, అంత అవసరమా అనుకున్నారు. బాస్టన్ రెడ్‌సాక్స్ 12 లక్షల 50 వేలకి తీసుకుంది. 2004లో వాళ్లు 86 ఏళ్ల తర్వాత వరల్డ్ సిరీస్ గెలవడంలో ఓర్టీజ్‌ది పెద్ద చెయ్యి. రయన్ తప్పుకున్న ఆ అక్టోబరులోనే మళ్లీ గెలిచారు. ఓర్టీజ్ ఇప్పుడు హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు.

రయన్ వెళ్లాక ఏం జరిగిందో చూడండి. ఆయన దగ్గర అసిస్టెంట్‌గా ఉన్న బిల్ స్మిత్‌కి ఆ కుర్చీ దక్కింది. 2008 జనవరిలో మోర్నోకి ఆరేళ్లకి ఎనిమిది కోట్లు. మార్చిలో నేథన్‌కి నాలుగేళ్లకి 4 కోట్ల 70 లక్షలు. కొత్త స్టేడియం తెరిచే ముందు, 2010లో, మావర్‌కి ఎనిమిదేళ్లకి 18 కోట్ల 40 లక్షలు. 2011 నాటికి జట్టు జీతాలు 11 కోట్లు దాటాయి. డబ్బు లేదన్న ఊళ్లోనే ఇదంతా. స్టేడియం వచ్చింది కదా అంటారు. వచ్చింది, మన 3 సెంట్లతో. 2007లో దాని శంకుస్థాపన అయ్యాకే కదా రయన్ తప్పుకున్నది. రాబోయే ఆదాయం అప్పటికే కళ్ల ముందుంది.

2011లో అంత ఖర్చు పెట్టిన జట్టు 99 మ్యాచ్‌లు ఓడిపోయింది. స్మిత్‌ని తీసేసి, ఆ నవంబరులో రయన్‌నే మళ్లీ పిలిచారు. జీతాలు నచ్చకే వెళ్లిపోయిన మనిషైతే, జీతాలు ఇంకా పెరిగాక ఎందుకు తిరిగొచ్చినట్టు? 2014లో గొంతు దగ్గర క్యాన్సర్ వచ్చింది, చికిత్స చేయించుకుని మళ్లీ పనిలోకి వచ్చారు. ఆ డిసెంబరులో ముప్పై తొమ్మిదేళ్ల టోరీ హంటర్‌ని కోటి డాలర్ల పైన ఇచ్చి ఒక ఏడాదికి ఇంటికి తీసుకొచ్చారు. 2015లో జట్టు చాలా ఏళ్ల తర్వాత ఓటముల కంటే గెలుపులు ఎక్కువగా చూసింది. రయన్ ఆ సంతకం పెట్టినప్పుడు ఎంత సంతోషించి ఉంటారో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. 2016 జులైలో, సీజన్ మధ్యలో ఆయన్ని తీసేశారు. ఆయన మళ్లీ స్కౌటింగ్‌కే వెళ్లారు.

పెద్ద ఒప్పందాల్లో ప్రమాదం లేదని ఎవరూ అనరు. సాంటానా 2012 జూన్ 1న మెట్స్ చరిత్రలోనే మొదటి నో-హిట్టర్ (అవతలి జట్టుకి ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్) వేశాడు, ఆ ఏడాది ఆగస్టు తర్వాత పై లీగ్‌లో బంతి వేయలేదు, భుజం పోయింది. మావర్‌కి తలకి దెబ్బలు తగిలి క్యాచర్ పని మానుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాతి ఏళ్లలో ఇక్కడ స్టేడియంలో మావర్‌ని అతని జీతం పేరు పెట్టి వెక్కిరించినవాళ్లని విన్నాను. ఈ ఊరివాడే, ఈ ఊరి కోసమే ఆడినవాడు, దెబ్బలు తిన్నది కూడా ఈ జట్టు కోసం క్యాచర్‌గా కూర్చున్నప్పుడే. ఆ జీతం ఇవ్వమని అతను ఎవరి మెడ మీదా కత్తి పెట్టలేదు. అతనికి నాలుగు లక్షలిచ్చి బ్యాటింగ్ టైటిల్ తీసుకున్న ఏడాది సంగతి అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు. నాకు అప్పుడు వచ్చినంత కోపం ఈ ఆట చూస్తూ ఇంకెప్పుడూ రాలేదు.

మన తెలుగువాళ్లకి ఈ చర్చ కొత్తేమీ కాదు. సాంటానా మెట్స్‌కి వెళ్లిన ఆ నెలలోనే, 2008 ఫిబ్రవరి 20న, ముంబైలో మొదటి ఐపీఎల్ వేలం జరిగింది. వి.వి.ఎస్. లక్ష్మణ్ హైదరాబాద్ జట్టుకి ఐకాన్ ఆటగాడు కావాల్సింది. ఐకాన్‌కి జట్టులో అందరికంటే ఎక్కువ తీసుకున్న ఆటగాడి మీద ఇంకో 15 శాతం ఇవ్వాలి. జట్టుకి ఉన్నదే 50 లక్షల డాలర్ల పరిమితి, తను ఐకాన్ అయితే మిగతావాళ్లని కొనడానికి చాలదని లక్ష్మణ్ ఆ హోదా వదులుకున్నాడు. డెక్కన్ ఛార్జర్స్ ఆండ్రూ సైమండ్స్‌ని 13 లక్షల 50 వేల డాలర్లకి కొనుక్కుంది. లక్ష్మణ్ పెద్ద మనసుకి అందరం పొంగిపోయాం, అది నిజంగా పెద్ద మనసే. కానీ ఆ 50 లక్షల పరిమితి ఎందుకుంది, దానివల్ల మిగిలేది ఎవరికి అని హైదరాబాద్‌లో ఉన్న నా స్నేహితుల్లో ఎవరూ అడగలేదు. ఫోన్లో నేనడిగితే, ఆటలో కూడా ఆస్తుల గొడవేనా అన్నారు. అవును, ఆటలోనూ ఉంది. ఆటగాడు తగ్గితే మనకి ముద్దొస్తుంది, తగ్గకపోతే కళ్లు నెత్తికెక్కాయంటాం. పరిమితి పెట్టినవాళ్ల పేర్లు మన నోటికి రావు.

2007 శరదృతువులోనే అట్లాంటా జనరల్ మేనేజర్ జాన్ షూర్‌హోల్జ్ కూడా పదిహేడేళ్ల తర్వాత ఆ కుర్చీ దిగి జట్టు ప్రెసిడెంట్‌గా వెళ్లారు. సెయింట్ లూయిస్‌లో వాల్ట్ జాకెటీని తీసేశారు. ఒకే నెల అటూ ఇటూగా ముగ్గురు. వాళ్ల కారణాలు వేర్వేరు. ఒక తరం అయిపోయిందని, డబ్బు ఆటని మింగేసిందని ఆ ముగ్గురినీ ఒక గాటన కట్టి రాసిన వ్యాసాలు నాకు అప్పుడే నచ్చలేదు.

ఇదంతా పాత సంగతి కాదు. షోహెయ్ ఒటానికి 2023 డిసెంబరులో 70 కోట్ల డాలర్లు, హువాన్ సోటోకి మరుసటి డిసెంబరులో 76 కోట్ల 50 లక్షలు రాశాక, జీతాలకి పరిమితి పెట్టాలన్న మాట మళ్లీ గట్టిగా వినిపిస్తోంది. ఆటగాళ్లకీ ఓనర్లకీ ఉన్న ఒప్పందం 2026 డిసెంబరు 1న ముగుస్తుంది. పోలాడ్ 2009లో పోయాక జట్టు ఆయన కుటుంబం చేతిలో ఉంది. 2024 అక్టోబరులో అమ్ముతామన్నారు, 2025 ఆగస్టులో మనసు మార్చుకుని కొత్త భాగస్వాముల్ని తెచ్చుకున్నారు. ఈ మధ్యలో, 2025 జులైలో, కార్లోస్ కొరేయాతో సహా పది మంది దాకా ఆటగాళ్లని రోజుల వ్యవధిలో వేరే జట్లకి ఇచ్చేశారు. టికెట్ కొన్నవాళ్లం సీజన్ మధ్యలో కొత్త మొహాలు చూస్తూ కూర్చున్నాం.

మళ్లీ చర్చలు మొదలైనప్పుడు, జీతాలు భరించలేక మంచి మనుషులు వెళ్లిపోతున్నారని ఎవరో చెప్తారు. రయన్ పేరు కూడా వస్తుందేమో. అప్పుడు మనం అడగాల్సింది ఒకటుంది. షేర్ మార్కెట్‌లో ఉన్న అట్లాంటా జట్టు తన ఆదాయం, ఖర్చు ఎలాగూ మూడు నెలలకోసారి బయటపెట్టాలి. ప్రజల పన్నుతో స్టేడియం కట్టించుకున్న ప్రతి జట్టూ అలాగే పెట్టాలి. పరిమితి గురించి మాట్లాడేముందు ట్విన్స్ తన లెక్కలు హెన్నెపిన్ కౌంటీ ముందు పెట్టాలి. మా కౌంటీ బోర్డు సభ్యుడికి ఈ మాటే రాసి పంపాను. మీరు ఇక్కడుంటే మీరూ రాయండి.